పాత అబద్ధం వెంట: ఈపర్ నుంచి ఓర్స్ దాకా

సోమవారం, ఈపర్

బ్రస్సెల్స్ నుంచి ఈపర్‌కి రైల్లో రెండు గంటలు పట్టింది. కిటికీలోంచి చూస్తే అంతా చదునైన నేల. ఈ పొలాల్లో నాలుగేళ్ళపాటు లక్షల మంది ఎదురెదురుగా గోతుల్లో కూర్చుని ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నారంటే నమ్మబుద్ధి కాదు.

నాతో బాబాయ్ వచ్చాడు. మిలట్రీలో చాలా ఏళ్ళు చేసి సుబేదారుగా రిటైరయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధ కవుల్ని చదివినప్పటి నుంచీ వాళ్ళు పోరాడిన చోట్లు, పోయిన చోట్లు చూడాలని నాకు ఉండేది. ఆ మాట చెప్పగానే ఆయన, "కవిత్వం నాకు తెలీదమ్మా. సిపాయిల సమాధులంటే మాత్రం వస్తాను" అన్నాడు.

రైల్లోనే ఆయనకి ఇంగ్లీషు సైనిక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవిత ఒకటి తెలుగులో చెప్పాను. మూటలు మోసే ముసలి బిచ్చగాళ్ళలా నడుములు వంగిపోయి, దగ్గుతూ, బురదలో కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వస్తున్న సైనికులు. కొందరికి బూట్లు కూడా లేవు. ఉన్నట్టుండి గ్యాస్. అందరూ తడుముకుంటూ మాస్కులు తగిలించుకుంటారు, ఒక్కడు మాత్రం అందుకోలేకపోతాడు. ఆకుపచ్చ సముద్రంలో మునిగిపోతున్నవాడిలా కొట్టుకుంటాడు. వాణ్ణి బండిలో పడేసి తీసుకెళ్తుంటే, కుదుపు కుదుపుకీ ఊపిరితిత్తుల్లోంచి నురగతో రక్తం గరగరమంటూ పైకొస్తుంటుంది. ఇది నువ్వు కళ్ళారా చూసి ఉంటే, కీర్తి కోసం ఉవ్విళ్ళూరే పిల్లలకి ఆ పాత అబద్ధాన్ని అంత హుషారుగా చెప్పేదానివి కాదు నేస్తం, అని కవిత ముగుస్తుంది.

ఆ అబద్ధం రెండువేల ఏళ్ళ నాటిది. దేశం కోసం చావడం తియ్యనిది, తగినది అని రోమన్ కవి హోరేస్ రాశాడు. అదే హోరేస్ ఫిలిపై యుద్ధంలో డాలు వదిలేసి పారిపోయానని మరో కవితలో తనే చెప్పుకున్నాడు. బడిపిల్లల చేత బట్టీ పట్టించింది మాత్రం మొదటి మాటనే. ఇంగ్లండులో శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాల చర్చి గోడ మీద 1913లో ఆ లాటిన్ వాక్యం చెక్కించారు. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది.

ఓవెన్ చిత్తుప్రతిలో ఆ "నేస్తం" ఎవరో ఉంది. జెస్సీ పోప్‌కి అంకితమని రాసి, తర్వాత తీసేశాడు. యుద్ధాన్ని ఒక ఆటలా చూపిస్తూ, ఆడటానికి ఎవరొస్తారు రండి అని కుర్రాళ్ళని పిలుస్తూ పత్రికల్లో పద్యాలు రాసినావిడ ఆమె.

రాత్రి ఎనిమిదింటికి మెనిన్ గేట్ దగ్గరికి వెళ్ళాం. 1927లో కట్టిన పెద్ద తోరణం. సమాధి కూడా దొరకని 54 వేలకు పైగా సైనికుల పేర్లు లోపలి గోడల నిండా ఉన్నాయి. వాళ్ళలో మన దేశం వాళ్ళూ ఉన్నారు. 1928లో మొదలుపెట్టి, 1929 నుంచి రోజూ ఈ వేళకి ట్రాఫిక్ ఆపి బ్యూగిల్ ఊదుతారు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కాలంలో తప్ప ఏనాడూ ఆపలేదు. బ్యూగిల్ మొదలవగానే బాబాయ్ అటెన్షన్‌లో నిలబడ్డాడు.

ఈ గేటు కట్టినప్పుడే ఇంగ్లీషు కవి సిగ్‌ఫ్రీడ్ ససూన్ దీన్ని నేరానికి కట్టిన గోరీ అంటూ కవిత రాశాడు. ఫిరంగులకి మేతగా వేసిన వీరులు కాని వాళ్ళని ఈ గేటు దాటేవాళ్ళలో ఎవరు తలుచుకుంటారని అడిగాడు. అతనూ ముందు వరసలో పోరాడి పతకం తెచ్చుకున్నవాడే. ఆ సంగతి చెబితే బాబాయ్ వెంటనే ఏమీ అనలేదు. హోటల్ మెట్లెక్కుతూ మాత్రం అడిగాడు: "అబద్ధం కోసం చచ్చాడంటే ఆ పిల్లాడి అమ్మానాన్నలు ఎలా బతుకుతారమ్మా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

మంగళవారం, కాలువ గట్టు

అద్దె సైకిళ్ళ మీద ఊరికి ఉత్తరంగా కాలువ వెంట వెళ్ళాం. ఎసెక్స్ ఫార్మ్ దగ్గర కాంక్రీటు గదులు ఇంకా ఉన్నాయి. చెమ్మ పట్టి, తల వంచితే తప్ప దూరలేనంత చిన్నవి. గాయపడ్డవాళ్ళకి మొదటి కట్లు ఇక్కడే కట్టేవారు. 1915 మే నెలలో కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్రే, స్నేహితుడు షెల్ తగిలి చనిపోయాక, ఫ్లాండర్స్ పొలాల్లో గసగసాల పూల గురించి ఆ ప్రసిద్ధమైన కవిత రాసింది ఈ పరిసరాల్లోనే. దానికి కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 22న, ఈపర్ దగ్గర జర్మన్లు 150 టన్నులకు పైగా క్లోరిన్ వాయువు వదిలారు. పశ్చిమ రంగంలో పెద్ద ఎత్తున విషవాయువు ప్రయోగించడం అదే మొదలు.

మెక్రే కవితని చాలామంది యుద్ధ వ్యతిరేక కవిత అనుకుంటారు. మొదటి రెండు చరణాలు అలాగే ఉంటాయి: నిన్నటిదాకా బతికి ఉన్నాం, ప్రేమించాం, ఇప్పుడు ఇక్కడ పడుకున్నాం. మూడో చరణంలో చచ్చినవాళ్ళు లేచి, శత్రువుతో మా కొట్లాట మీరు కొనసాగించండి, లేకపోతే మాకు నిద్ర పట్టదు అంటారు. నాకు అభ్యంతరం అక్కడే. ఆ మాట అన్నది చచ్చినవాళ్ళు కాదు, బతికున్న ఒక కవి. యుద్ధాన్ని కీర్తించే కవిత్వం ఎప్పుడూ చేసే పని ఇదే. నోరు లేనివాడి నోట్లో ఒక వాక్యం పెట్టి, ఆ వాక్యం చూపించి ఇంకొకణ్ణి పంపుతుంది. మెక్రే చెడ్డవాడేం కాదు. రోజుల తరబడి నిద్ర లేకుండా కట్లు కట్టిన డాక్టరు, 1918 జనవరిలో న్యుమోనియాతో తనూ పోయాడు. అయినా ఆ మూడో చరణాన్ని నేను ఒప్పుకోలేను.

ఆ పక్కనే ఉన్న శ్మశానంలో ఒక రాయి ముందు జనం ఎక్కువగా ఆగుతున్నారు. దాని మీద వయసు పదిహేను అని ఉంది. అక్కడ బాబాయ్ టోపీ తీశాడు.

ఇంకొంచెం ముందుకెళ్తే ఆర్టిలరీ వుడ్ శ్మశానం. 1917 జూలై 31న, ఒకే రోజు చనిపోయిన ఇద్దరు కవులు ఇక్కడున్నారు. ఒకరు వేల్స్ గొర్రెల కాపరి హెడ్ విన్. తమ్ముణ్ణి పంపాల్సి వస్తుందని తనే వెళ్ళాడు. ఆ సెప్టెంబరులో వేల్స్ వాళ్ళ జాతీయ కవితోత్సవంలో మొదటి బహుమతి ఎవరికో ప్రకటించి, ఆ మారుపేరుతో రాసిన కవి లేచి నిలబడాలని పిలిచారు. ఎవరూ లేవలేదు. విజేత అయిదు వారాల క్రితమే యుద్ధంలో పోయాడని చెప్పి, బహుమతిగా ఇవ్వాల్సిన కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. ఆ కుర్చీ చెక్కింది బెల్జియం నుంచి శరణార్థిగా వచ్చిన ఒక శిల్పి. హెడ్ విన్ యుద్ధం మీద రాసిన చిన్న కవితలో కుర్రాళ్ళ కేకలు గాలి నిండా ఉంటాయి, వాళ్ళ రక్తం వానతో కలిసిపోతుంది. గర్వం అనేది మచ్చుకి కూడా కనపడదు.

రెండోవాడు ఐర్లండు కవి ఫ్రాన్సిస్ లెడ్‌విడ్జ్. బ్రిటిష్ యూనిఫాం వేసుకుని ఉండగానే, ఐర్లండు స్వాతంత్ర్యం కోసం తిరగబడ్డందుకు బ్రిటిష్‌వాళ్ళు 1916లో కాల్చి చంపిన తన మిత్రుడి మీద విలాపగీతం రాశాడు. ఇతను ఏ దేశం కోసం చచ్చినట్టు? లాటిన్ వాక్యంలో దీనికి చోటు లేదు.

బుధవారం, లాంగెమార్క్, వ్లాడ్స్లో

ఇవాళ కారు మాట్లాడుకున్నాం. రెండూ జర్మన్ శ్మశానాలు.

లాంగెమార్క్‌లో నలభై నాలుగు వేల మందికి పైగా ఉన్నారు. వాళ్ళలో దాదాపు పాతికవేల మందిది ఒకటే సామూహిక సమాధి. తెల్లరాళ్ళు ఉండవు. నేలబారుగా పరిచిన పలకలు, పైన ఓక్ చెట్ల నీడ. 1914 నవంబరులో జర్మన్ సైన్యం ఒక ప్రకటన విడుదల చేసింది: లాంగెమార్క్‌కి పడమట యువ దళాలు దేశభక్తి గీతం పాడుకుంటూ శత్రువు మీదికి దూకాయని. దాంతో విద్యార్థులు పాటలు పాడుతూ ప్రాణాలిచ్చారన్న గాథ పుట్టింది. నిజానికి వాళ్ళందరూ విద్యార్థులూ కారు, దాడి ఫలించనూ లేదు. ఆ గాథని ఇరవై ఏళ్ళ తర్వాత నాజీలు బళ్ళలో పిల్లలకి నేర్పారు. కందకాలకి ఏ పక్కన చూసినా అదే వాక్యం అన్నమాట.

యుద్ధం జరుగుతుండగానే ఆ వాక్యం మీదే బడిలో వ్యాసం రాయమంటే, ఆగ్స్‌బర్గ్‌లో బ్రెష్ట్ అనే కుర్రాడు ఇది వట్టి ప్రచారం, చావు ఎవరికీ తియ్యగా ఉండదని రాసి, బడి నుంచి వెళ్ళగొట్టించుకోబోయి కొద్దిలో తప్పించుకున్నాడు. పెద్దయ్యాక నాటకకర్తగా ప్రపంచానికి తెలిసిన బ్రెష్టే.

వ్లాడ్స్లో గురించి చదివి వెళ్ళాను. చదవడం వేరు. జర్మన్ శిల్పి కేథె కోల్విట్స్ కొడుకు పీటర్‌కి పద్ధెనిమిదేళ్ళు. సైన్యంలో చేరడానికి తండ్రి ఒప్పుకోకపోతే తల్లే ఒప్పించింది. 1914 అక్టోబరులో వెళ్ళీ వెళ్ళగానే చనిపోయాడు. ఆ తర్వాత ఆమె పద్ధెనిమిదేళ్ళ పాటు చేస్తూ, చెరిపేస్తూ, మళ్ళీ మొదలుపెడుతూ 1932లో రెండు విగ్రహాలు పూర్తి చేసింది. మోకాళ్ళ మీద తండ్రి, మోకాళ్ళ మీద తల్లి. మొదట ఇంకో శ్మశానంలో ఉండేవి, 1950లలో సమాధులతోపాటు ఇక్కడికి మార్చారు.

దగ్గరికి వెళ్ళి చూడండి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఉండరు, మధ్యలో ఎడం ఉంటుంది. తండ్రి చేతులు రెండూ తన ఒంటినే గట్టిగా చుట్టుకుని ఉంటాయి, వదిలితే ఒరిగిపోతాడేమో అన్నట్టు. చూపు తిన్నగా ముందుకి, పీటర్ పేరున్న పలక వైపుకి. తల్లి మాత్రం బాగా ముందుకి వంగిపోయి, ఒక చెయ్యి చెంపకి ఆనించి, కళ్ళు నేలకి దించి ఉంటుంది. ఆ వంగడంలో దుఃఖమొక్కటే కనపడలేదు నాకు. క్షమించమని అడుగుతున్నట్టుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఆమె మనవడూ పోయాడు. అతని పేరు కూడా పీటరే. ఆ కాలంలోనే ఆమె చివరి లిథోగ్రాఫ్ (రాతి అచ్చు బొమ్మ) గీసింది: పిల్లల్ని రెండు చేతుల కింద దాచుకున్న తల్లి. దానికి పెట్టిన పేరు గోథే మాట: విత్తనాల గింజల్ని పిండి పట్టించకూడదు.

సోమవారం రాత్రి బాబాయ్ అడిగిన ప్రశ్నకి జవాబులాంటిది ఇక్కడ నాకు కొంత దొరికింది. అమ్మానాన్నలు ఇలా కూడా బతుకుతారు, అబద్ధాన్ని ఆసరా చేసుకోకుండా. అది చాలా కష్టం, ఆ తల్లి వీపు చూస్తే తెలుస్తుంది.

గురువారం, టైన్ కాట్

వాన. పన్నెండు వేల దాకా సమాధులు, వాటిలో ఎనిమిది వేలకు పైగా పేరు తెలియనివి. లోపలికి వెళ్ళే దారిలో ఒక అమ్మాయి గొంతు చనిపోయినవాళ్ళ పేర్లూ వయసులూ ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ ఉంటుంది. వ్యాఖ్యానం ఏమీ ఉండదు.

రాయి కింది భాగంలో ఒక వాక్యం చెక్కించుకునే అవకాశం కుటుంబాలకి ఇచ్చారు. 66 అక్షరాలకి మించకూడదు, అక్షరానికి మూడున్నర పెన్నీలు. చాలావాటి మీద రాజు కోసం, దేశం కోసం అనో, శాంతిగా నిద్రించు అనో ఉంది. బాబాయ్‌కి ఒక రాయి దగ్గర నిలబడి చదివి చెప్పాను: యుద్ధంతో యుద్ధాన్ని అంతం చేయవచ్చన్న భ్రమకు బలి అయ్యాడు. కొడుకు రాయి మీద అది చెక్కమని అడగడానికి ఎంత గుండె కావాలి! ఆయన ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు.

శుక్రవారం, న్యూవ్ షాపెల్, లోస్

సరిహద్దు దాటి ఫ్రాన్సులోకి వచ్చాం. నాలుగు రోడ్ల కూడలిలో మన సైనికుల స్మారకం ఉంది. గుండ్రటి ఆవరణ, ఒక పక్క రాతి జాలీ, తామరపువ్వు శిరస్సున్న స్తంభం, దానికి కాపలాగా రెండు పులులు. 1915 మార్చిలో ఈ ఊరి దగ్గర భారత దళాలు పోరాడాయి. సమాధి తెలియని 4,700 మందికి పైగా పేర్లు రెజిమెంటు వారీగా చెక్కారు. గఢ్వాల్ రైఫిల్స్, గూర్ఖాలు, సిక్కులు. దారి పొడుగునా పెద్దగా మాట్లాడని బాబాయ్ ఇక్కడ వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదవడం మొదలెట్టాడు. సిపాయి, నాయక్, హవల్దార్, సుబేదార్. తన ర్యాంకు దగ్గర వేలు ఆగింది.

వీళ్ళలో చాలామందికి ఫ్రాన్స్ ఎక్కడుందో తెలియదు, జర్మనీతో పగా లేదు. జీతం కోసం, భూమి కోసం, ఊళ్ళో పరువు కోసం వచ్చారు. వాళ్ళ ఉత్తరాలు సెన్సారు వాళ్ళు అనువాదం చేయించి దాచబట్టి మనకి మిగిలాయి. గాయపడి ఇంగ్లండు ఆసుపత్రిలో ఉన్న ఒక రాజపుత్ర సైనికుడు 1915 జనవరిలో చుట్టానికి రాశాడు: ఇది యుద్ధం అనుకోకు, ఇది లోకాంతం, మన పెద్దల గురించి భారతంలో చెప్పిన యుద్ధం ఇలాంటిదే. నేను చదివిన యుద్ధకవిత్వంలో ఏ కవి వాక్యానికీ ఇది తీసిపోదు.

అదే ఏడాది మన హైదరాబాదులో సరోజినీ నాయుడు ఇంగ్లీషులో ఒక కవిత రాసింది. భరతమాత తన బిడ్డల్ని పరాయి యుద్ధానికి ఇచ్చానని చెప్పుకుంటుంది. వాళ్ళు పరాయి సమాధుల్లో ముత్యాల్లా, ఈజిప్టు ఇసుకలో గవ్వల్లా, ఫ్లాండర్స్ పచ్చికలో కోసేసిన పువ్వుల్లా ఉన్నారంటుంది. వాళ్ళని మరిచిపోకండని ఇంగ్లండుని నిలదీసిన కవిత అది, అందులో నిజమైన తల్లిబాధ ఉంది. కానీ ఓవెన్ చూపించిన నురగ రక్తం పక్కన పెట్టి చదివితే ఆ ముత్యాలు నన్ను ఇబ్బంది పెడతాయి. శవం ముత్యమైతే దాన్ని చూసి ఇంకో తల్లి తన కొడుకుని దాచుకోదు, పంపిస్తుంది.

మనకీ ఒక హోరేస్ వాక్యం ఉంది. చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం, లే, యుద్ధం చెయ్యి అని గీతలో కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. అయితే భారతం అక్కడ ఆగదు. యుద్ధం అయ్యాక స్త్రీపర్వం వస్తుంది. గాంధారి రణభూమికి వచ్చి, నక్కలూ రాబందులూ లాగుతున్న శరీరాల్ని ఒక్కొక్కటే చూసి పేరుపెట్టి ఏడుస్తుంది, ఉత్తర అభిమన్యుడి మొహం తుడుస్తుంది. చివరికి గాంధారి కృష్ణుణ్ణే నిలదీసి శపిస్తుంది. తిక్కన ఇదంతా తెలుగు చేశాడు. మన సభల్లో గీత వినిపించినంతగా స్త్రీపర్వం వినిపించదు. గురజాడ దేశమంటే మనుషులన్నాడు కదా, మరి ఆ మనుషుల్నే ఖర్చు పెట్టి దేశాన్ని కాపాడటమేమిటి అని పిల్లలు అడిగితే ఏం చెబుతాం? స్త్రీపర్వం కూడా బడిలో చదివించాలని నా గట్టి కోరిక.

మధ్యాహ్నం లోస్. ఇక్కడి గోడల మీద ఇరవై వేలకు పైగా పేర్లు. వాటిలో చార్లెస్ సోర్లీ అనే కుర్రాడిది ఒకటి. 1915 అక్టోబరులో ఇరవయ్యో ఏట పోయాడు. అతని సామానులో దొరికిన చివరి కవిత, కలలో నోరులేని లక్షల మృతులు కనిపిస్తే వాళ్ళకి మెత్తటి మాటలు చెప్పకు, పొగడకు, వాళ్ళకి వినపడదు అంటుంది. లోస్ దగ్గరి పోరులోనే ఇంగ్లీషు కవి కిప్లింగ్ కొడుకూ పోయాడు. చూపు సరిగా లేదని సైన్యం వద్దంటే తండ్రే పలుకుబడి వాడి చేర్పించాడు. సామ్రాజ్యాన్ని అంత కీర్తించిన ఆ తండ్రి తర్వాత రెండు పంక్తులు రాశాడు: మేమెందుకు చచ్చామని ఎవరైనా అడిగితే, మా తండ్రులు అబద్ధమాడారని చెప్పండి.

బాబాయ్ చాలాసేపటికి, "ఆయన్ని తిట్టబుద్ధి కావట్లేదమ్మా" అన్నాడు.

శనివారం, ఓర్స్

లె కాతో దాకా రైలు, అక్కడినుంచి టాక్సీ. అడవి అంచున ఎర్ర ఇటుకల ఇల్లు ఒకటి ఉండేది, ఇప్పుడు దాన్ని తెల్లగా మార్చి, కప్పుని తెరిచి బోర్లించిన పుస్తకంలా చేశారు. ఆ ఇంటి కింద నేలమాళిగలో కూర్చుని ఓవెన్ 1918 అక్టోబరు 31న అమ్మకి చివరి ఉత్తరం రాశాడు. పొగ, నవ్వులు, ఇరుకు, ఇంతకన్నా మంచి స్నేహితుల మధ్య ఉండలేనంటాడు. ఇటుక గోడలు, వంపు తిరిగిన కప్పు. నేను చెయ్యెత్తితే కప్పు తగిలింది.

ఇక్కడ బాబాయ్‌కి ఇంకో సంగతి చెప్పాను. ఓవెన్ షెల్‌షాక్‌తో, అంటే పేలుళ్ళ మధ్య మనసు చెదిరి, ఎడిన్‌బరో ఆసుపత్రిలో చేరి, అక్కడ ససూన్‌ని కలిసి, ఆ అబద్ధం కవిత అక్కడే రాశాడు. తర్వాత మళ్ళీ ముందు వరసకి వచ్చాడు. ఈ కుర్రాళ్ళని నడిపించడానికీ, వాళ్ళ బాధ చూసి వాళ్ళ తరఫున వాదించడానికీ వచ్చానని అమ్మకి రాశాడు. సాహసానికి పతకం కూడా ఇచ్చారు. "అట్లా చెప్పు మరి. పారిపోయినవాడి మాట కాదన్నమాట" అన్నాడు బాబాయ్, మొహం తేటపడి. నాకు మాత్రం పారిపోయినవాడు చెప్పినా అది నిజమే. ఆ మాట ఆయనతో కూడా అన్నాను.

నవంబరు 4 తెల్లవారుజామున ఇక్కడి కాలువ దాటబోతూ ఓవెన్ చనిపోయాడు. ఇరవై అయిదేళ్ళు. నవంబరు 11న యుద్ధం ముగిసిందని వాళ్ళ ఊరు ష్రూస్‌బరీలో గంటలు మోగుతుండగా ఇంటికి టెలిగ్రాం వచ్చింది. 1920లో ఆ తల్లి మన రవీంద్రనాథ్ ఠాగూర్‌కి ఉత్తరం రాసింది. చివరిసారి ఇల్లు వదిలి వెళ్తూ కొడుకు గీతాంజలిలో మాటలు చెప్పాడట: నేనిక్కడి నుంచి వెళ్ళేటప్పుడు నా వీడ్కోలు మాట ఇదే కావాలి, నేను చూసినదానికి సాటి లేదు. అతని చిన్న నోటుపుస్తకంలో ఆ మాటలూ, కింద ఠాగూర్ పేరూ ఉన్నాయట.

ఊరి శ్మశానంలో ఒక మూల అరవై దాకా సైనిక సమాధులు. ఓవెన్‌ది వెనక వరసలో. రాయి మీద అతని కవితలోంచి తల్లి ఎంచుకున్న మాటలున్నాయి: ఈ దేహాలకు జీవం మళ్ళీ వస్తుందా? నిజంగానే మరణాన్నంతా ఆయన (దేవుడు) రద్దు చేస్తాడు. కవితలో ఆ రెండో వాక్యం కూడా ప్రశ్నే. రద్దు చేస్తాడా, కన్నీళ్ళన్నీ తుడుస్తాడా అని కొడుకు అడిగాడు. తల్లి దాన్ని సగంలో ఆపి, ప్రశ్న గుర్తు లేకుండా చెక్కించింది.

కవితలో ఆ ప్రశ్నకి జవాబు కూడా ఉంది. అక్కడే నిలబడి బాబాయ్‌కి తెలుగులో చెప్పాను. భూమి అంటుంది: నా గుండె నొప్పితో ముడుచుకుపోతోంది, ఇది చావే. నా పాత గాయాలకి కీర్తి రాదు, సముద్రాలైన నా కన్నీళ్ళు ఆరవు.

"ఆ తల్లి చేసింది తప్పంటావా?" అని అడిగాడు.

తప్పనలేదు. కొడుకు పోయిన తల్లి తన రాయి మీద ఏం రాసుకున్నా నేను ఒప్పుకుంటాను. బడి గోడ మీద, సైనిక కళాశాల గోడ మీద చెక్కేవాళ్ళ మాటనే ఒప్పుకోను. వాళ్ళు పోగొట్టుకున్నదేం లేదు, వాళ్ళు రాసేది ఇంకా బతికున్న పిల్లల కోసం. బాబాయ్ సగం ఒప్పుకున్నాడు. సైన్యం అన్నాక కుర్రాళ్ళకి ఏదో ఒకటి చెప్పక తప్పదని ఆయన వాదన. అయితే చూసినదే చెప్పు, ఓవెన్‌లాగా, అన్నాను. టాక్సీ వచ్చాక కూడా లె కాతో దాకా అదే మాట్లాడుకుంటూ వచ్చాం.